బాత్రూమ్ సీలింగ్ లైట్లు: పాడైతే ఏం చూడాలి, ప్రమాదం లేకుండా ఎలా మార్చాలి – తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాల్స్ సీలింగ్‌కి కన్నం కోసి అందులో బిగించే గుండ్రటి, చదరపు డౌన్‌లైట్ల గురించే ఈ పేజీ. బాత్రూమ్‌లో ఇవి హాల్లో కన్నా ముందే పోతాయి. చాలాసార్లు తప్పు లైటుది కాదు. సీలింగ్ పైనున్న సందులో చేరిన తేమ, వేడి వాటిని తినేస్తాయి. అందుకే ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది పెడితే అది కూడా అదే దారి పడుతుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## లైటు పాడైంది, ఇంకా విప్పలేదు

లైటు అసలు వెలగట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కింద నుంచి పైకి రండి. ముందు మెయిన్ బోర్డులోని ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడే స్విచ్), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్) పడిపోయాయేమో చూడండి. అవి బాగుంటే అదే స్విచ్ మీద ఇంకో లైటు ఉందా, అది వెలుగుతోందా అన్నది చూడండి. ఒక్కటే పోయిందంటే ఆ లైటో, దాని డ్రైవరో (మెయిన్ కరెంటుని ఎల్ఈడీకి సరిపోయేలా మార్చే చిన్న డబ్బా), దాని దగ్గరి జాయింటో. అన్నీ ఒక్కసారే పోయాయంటే లైట్లన్నీ కూడబలుక్కుని పోవు కదా. స్విచ్ దగ్గరో, మొదటి లైటుకు వచ్చే జాయింట్‌లోనో తెగి ఉంటుంది. వైరు ఒక లైటు నుంచి ఇంకో లైటుకు వెళ్లే పద్ధతిలో వేసి ఉంటే, ఒకచోట జాయింట్ ఊడినా ఆ తర్వాతవన్నీ ఆరిపోతాయి.

లైటు మిణుకుమిణుకుమంటోంది. మార్చేయాలా?

తొందరపడకండి. ఎప్పుడు మిణుకుమంటోందో గమనించండి. స్విచ్ వేసినప్పటి నుంచి ఒకే తీరుగా కొట్టుకుంటుంటే డ్రైవర్ చివరి రోజుల్లో ఉన్నట్టు. అందులోని కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి, ఎల్ఈడీల కన్నా ముందు పోయేది చాలావరకు అవే. స్విచ్ తాకితేనో, తలుపు గట్టిగా వేస్తేనో మిణుకుమంటే ఎక్కడో జాయింట్ వదులైంది. దీన్ని వదిలేయకూడదు. వదులు జాయింట్‌లో నిప్పురవ్వలు వస్తాయి, చుట్టూ ప్లాస్టిక్ కరుగుతుంది. డిమ్మర్ (వెలుగు పెంచి తగ్గించే స్విచ్) ఉంటే అది ఎల్ఈడీకి సరిపోయే రకమో కాదో చూడండి. పాత బల్బుల కోసం పెట్టిన డిమ్మర్లు ఎల్ఈడీని తరచుగా ఇలాగే ఆడిస్తాయి.

ఇంకొకటి ఉంది. గీజర్ వేసినప్పుడు కొన్ని లైట్లు తగ్గి, మరికొన్ని మామూలు కన్నా ఎక్కువగా వెలిగితే విషయం బాత్రూమ్ లైటుది కాదు. ఇంటికి వచ్చే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) వదులై ఉండొచ్చు. మెయిన్ ఆపి వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

వేసిన పావుగంటకు ఆరిపోతోంది, కాసేపటికి దానంతటదే వస్తోంది. ఏమిటిది?

వేడెక్కి ఆగిపోతోంది. చాలా డ్రైవర్లలో, కొన్ని లైట్లలో వేడి హద్దు దాటితే ఆపేసే ఏర్పాటు ఉంటుంది. చల్లారాక మళ్లీ వెలుగుతుంది. డ్రైవర్ మీద దూది లాంటి ఇన్సులేషన్ కప్పి ఉందేమో, లైటు వెనక గాలి ఆడే జాగా అసలు లేదేమో చూడాలి. పాత హాలోజన్ అమరికైతే చెప్పిన వాట్లకన్నా పెద్ద బల్బు పెట్టారేమో చూడండి. మళ్లీ వెలుగుతోందిగా అని వాడుతూ పోవద్దు. వేడి అలా ఎక్కుతూ దిగుతూ ఉంటే వైర్ల మీది తొడుగు పెళుసై రాలిపోతుంది.

స్విచ్ ఆపినా రాత్రి సన్నగా వెలుగుతోంది. కరెంటు లీకవుతోందా?

ఎల్ఈడీకి వెలగడానికి చాలా కొద్ది కరెంటు చాలు, అందుకే ఈ వింత. కారణాలు మూడు. స్విచ్‌లో చిన్న ఎర్ర దీపం ఉంటే దాని గుండా కొంచెం కరెంటు పోతుంది. స్విచ్‌కి వెళ్లే వైర్లు చాలా దూరం పక్కపక్కనే నడిస్తే ఒకదాని ప్రభావం ఇంకోదానిలో కనిపిస్తుంది. ఈ రెండింటితో భయం లేదు. మూడోది మాత్రం ప్రమాదం: స్విచ్‌ని ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) మీద కాక న్యూట్రల్ మీద పెట్టి ఉండటం. అప్పుడు స్విచ్ ఆపినా లైటు దాకా ఫేజ్ వస్తూనే ఉంటుంది. ఈ తప్పును సరిచేయించే వరకు ఆ లైటు ముట్టుకోవద్దు.

లైటు వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది. పైకి ఎత్తి వాడుకోవచ్చా?

వద్దు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రాకపోతేనే ఆర్‌సీసీబీ పడుతుంది. అంటే కొంత కరెంటు ఎర్త్‌లోకో, తడి గోడలోకో, మనిషి ఒంట్లోకో పోతోంది. ఇళ్లలో పెట్టేవి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడేట్టు ఉంటాయి. బాత్రూమ్ లైటు విషయంలో మొదటి అనుమానం డ్రైవర్‌లోకో, జాయింట్‌లోకో దిగిన తేమ మీద. స్నానం తర్వాతే పడుతూ, ఎండెక్కాక నిలబడుతుంటే దాదాపు అదే.

లైటు స్విచ్ ఆపి ఉన్నా పడుతోందంటే ఆ లైటు నిర్దోషి అని తేల్చేయకండి. మామూలు స్విచ్ ఫేజ్‌ని మాత్రమే తెంపుతుంది. న్యూట్రల్ వైరు ఎర్త్‌కి తగులుతుంటే స్విచ్‌తో పని లేకుండా పడుతుంది. ఆర్‌సీసీబీని తీసేసి నేరుగా కలిపేద్దాం అనేవాళ్ల మాట మాత్రం వినకండి.

లైటు అంచు నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి. ఆవిరా, పైనుంచి లీకేజీయా?

ముందు ఆ సర్క్యూట్ ఎంసీబీ ఆపేయండి, తేల్చుకోవడం తర్వాత. స్నానాలయ్యాక మాత్రమే పడితే, చల్లటి రోజుల్లో ఎక్కువైతే, నీళ్లు తేటగా ఉంటే ఆవిరి చల్లబడి చుక్కలవుతోంది. ఎవరూ స్నానం చేయకపోయినా పడితే, చుట్టూ పసుపు గోధుమ మరక పాకుతుంటే, పై అంతస్తులో నీళ్లు వాడిన గంటకో రెండు గంటలకో మొదలైతే పైపుదో, పై బాత్రూమ్ నేలదో లీకేజీ. సీలింగ్‌లో అన్నిటికన్నా కింద ఉన్న కన్నం లైటుదే కాబట్టి పైన ఎక్కడ కారినా నీళ్లు దాని దగ్గరే బయటపడతాయి. లైటు చుట్టూ సిలికాన్ పూసి చుక్కలు ఆపితే నీళ్లు పైన చేరి సీలింగ్ మొత్తం ఊడిపడుతుంది.

లైటులో సగం వెలుగుతోంది, సగం నల్లగా ఉంది. డ్రైవర్ పోయిందా?

డ్రైవర్ బాగానే ఉంది. లోపల ఎల్ఈడీలు వరుసలుగా కలిపి ఉంటాయి, ఒక్కటి మాడినా ఆ వరుసంతా ఆరుతుంది. మాడిన ఎల్ఈడీ మీద చిన్న నల్ల చుక్క కనిపిస్తుంది. లైటు మార్చడమే మేలు.

అదే చోట లైటు ఏడాదికోసారి పోతోంది. మిగతావి బాగున్నాయి. ఎందుకు?

ఆ చోటులో ఏదో ఉంది. షవర్‌కి నేరుగా పైనా? గీజర్ పైన వేడి చేరే మూలా? ఎగ్జాస్ట్ గొట్టం బయటి దాకా వెళ్లకుండా సీలింగ్ పైనే తెరుచుకుందా? ఈ చివరిది అనుకున్నదాని కన్నా ఎక్కువ ఇళ్లలో ఉంటుంది. బాత్రూమ్‌లోని ఆవిరంతా తీసుకెళ్లి లైట్ల డ్రైవర్ల మీద ఊదినట్టే. లైటు కిందికి దించినప్పుడు మొబైల్ కెమెరా కన్నంలోంచి పైకి పెట్టి ఒక వీడియో తీయండి. తుప్పు, బూజు, తడి మరకలు, పైపులు అన్నీ కనిపిస్తాయి.

## కొత్తది ఎంచుకునేటప్పుడు

బాత్రూమ్‌కి ఏ ఐపీ రేటింగ్ తీసుకోవాలి?

ఐపీ తర్వాతి మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. ఐపీ44 అంటే ఏ వైపు నుంచి చిందిన నీళ్లనైనా తట్టుకుంటుంది, ఐపీ65 అంటే దుమ్ము చొరదు, పైపుతో కొట్టినా ఆగుతుంది. చాలా దేశాలు పాటించే ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) పద్ధతిలో టబ్బు, షవర్ పైన నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు వరకు ఒక జోన్, దాని పక్కన 0.6 మీటర్ల వరకు ఇంకో జోన్. ఈ రెండింటిలోనూ నీటి విషయంలో కనీసం 4 అంకె ఉండాలి. సీలింగ్ ఇంతకన్నా ఎత్తుంటే నిబంధన అంత గట్టిగా ఉండదు గానీ, షవర్ పైన ఐపీ65 పెట్టడమే నా సలహా. ధరలో తేడా కన్నా నిచ్చెన ఎక్కి మళ్లీ మార్చే శ్రమ పెద్దది.

డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. చాలా డౌన్‌లైట్లకు ఐపీ65 ముందు వైపుకే, అంటే గదిలోకి కనిపించే ముఖానికే. వెనక భాగం, డ్రైవర్ మామూలు ఐపీ20. సీలింగ్ పైన తేమ ఉంటే ఆ 65 మిమ్మల్ని కాపాడదు.

లైటు సైజు ఎలా కొలవాలి? బయట కనిపించే వెడల్పు చాలదా?

చాలదు. కావలసింది కటౌట్, అంటే సీలింగ్‌లోని కన్నం వెడల్పు. పాత లైటు దించి కన్నాన్నే కొలవండి, రెండు వైపులా కొలవండి. చేత్తో కోసినవి అన్నివైపులా ఒకేలా ఉండవు. ఆ తర్వాత లోతు: సీలింగ్ పైన స్లాబ్ దాకా ఎంత జాగా ఉందో చూడండి. కన్నం సరిపోయి, లోతు చాలక తిరిగిచ్చే లైట్లే ఎక్కువ.

పాత హాలోజన్ తీసి ఎల్ఈడీ బల్బు పెడితే సరిపోతుందా?

బల్బు కాళ్లు చూడండి. లావుగా, గుండీల్లా, తిప్పితే పడేవైతే జీయూ10. అది నేరుగా మెయిన్ కరెంటు మీద నడుస్తుంది, అదే వోల్టేజీకి చెందిన ఎల్ఈడీ పెట్టేయొచ్చు. సన్నటి పిన్నులు నేరుగా గుచ్చేవైతే 12 వోల్టుల ఎంఆర్16, పైన ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. చిక్కంతా ఇక్కడే. ఆ ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్లు 50 వాట్ల బల్బుల కోసం చేసినవి, కనీసం ఇంత లోడు ఉంటేనే సరిగా పనిచేస్తాయి. 5 వాట్ల ఎల్ఈడీ ఆ లోడు ఇవ్వలేక మిణుకుమంటుంది, కొన్నిసార్లు అసలు వెలగదు. ట్రాన్స్‌ఫార్మర్ కూడా తీసేసి, సొంత డ్రైవర్ ఉన్న ఎల్ఈడీ డౌన్‌లైట్ పెట్టడం శుభ్రమైన పని.

డ్రైవర్ ఒక్కటే మార్చుకోవచ్చా?

డ్రైవర్ విడి డబ్బాగా ఉంటే మార్చుకోవచ్చు. పాతదాని మీద అవుట్‌పుట్ అంకెలు చూడండి. మిల్లీ ఆంపియర్లు పాతదానికి సమానంగా ఉండాలి. లైటుకు కావలసిన వోల్టేజీ కొత్త డ్రైవర్ చూపే హద్దుల మధ్య పడాలి. వాట్లు ఒకటే కదా అని తెచ్చి పెట్టేస్తారు, మిల్లీ ఆంపియర్లు ఎక్కువైతే ఎల్ఈడీలు ముందు బాగా వెలిగి తర్వాత మాడిపోతాయి. ఇంకో జాగ్రత్త: కరెంటు ఉండగా డ్రైవర్ నుంచి లైటు పిన్ను పీకి మళ్లీ గుచ్చకండి. ఖాళీగా ఉన్న డ్రైవర్‌లో వోల్టేజీ పెరిగి, తిరిగి కలిపిన క్షణంలో ఎల్ఈడీని కొడుతుంది.

తెల్లటి వెలుగా, పసుపు వెలుగా?

మీ ఇష్టం. 3000 కెల్విన్ పసుపు, 4000 మధ్యస్తం, 6500 నీలి ఛాయ తెలుపు. ఒక బాత్రూమ్‌లో అన్నీ ఒకే అంకెవి పెట్టండి, అంతే. అద్దం దగ్గర మాత్రం సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 ఉన్నది తీసుకుంటే ముఖం రంగు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

## కరెంటు ఆపడం

గోడ మీది స్విచ్ ఆపేస్తే సరిపోదా?

సరిపోదు. వైరింగ్ చేసినవాళ్లు స్విచ్‌ని న్యూట్రల్ మీద పెట్టి ఉంటే, స్విచ్ ఆపినా లైటు దగ్గర ఫేజ్ బతికే ఉంటుంది. రెండు స్విచ్‌లతో నడిచే లైటైతే ఎవరో అవతలి నుంచి వేస్తారు. పైగా అదే కన్నంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వైరో, గీజర్ వైరో ఉండొచ్చు, వాటికీ ఈ స్విచ్‌కీ సంబంధం లేదు. ఎంసీబీ ఆపండి. ఏ ఎంసీబీయో కచ్చితంగా తెలియకపోతే మెయిన్ ఆపండి. బోర్డు మీద “పని జరుగుతోంది, వేయవద్దు” అని కాగితం అంటించి, ఇంట్లో అందరికీ చెప్పండి. పనిలో ఉండగా షాక్ కొట్టడానికి ఎవరో మంచి మనసుతో కరెంటు వేయడం కూడా ఒక కారణమే.

కరెంటు లేదని ఎలా నిర్ధారించుకోవాలి? టెస్టర్ వెలగకపోతే చాలా?

స్క్రూడ్రైవర్ లాంటి నియాన్ టెస్టర్ వెలిగితే నమ్మండి, వెలగకపోతే నమ్మకండి. ఎండిన చెక్క నిచ్చెన మీదో, రబ్బరు చెప్పులతోనో ఉంటే కరెంటు ఉన్నా దాని వెలుగు కంటికి ఆనకపోవచ్చు. రెండు కొనలున్న వోల్టేజ్ టెస్టర్ మేలు. దాన్ని కూడా మూడు సార్లు వాడాలి. ముందు కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి పనిచేస్తోందని చూడండి. తర్వాత లైటు వైర్ల మీద ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మధ్య చూడండి. చివరగా మళ్లీ అదే ప్లగ్గులో చూడండి. మధ్యలో టెస్టరే చచ్చిపోతే ఆ చివరి పరీక్షే మీకు చెప్తుంది.

ఎంసీబీ ఆపినా మల్టీమీటర్ 40, 50 వోల్టులు చూపిస్తోంది. కరెంటు ఉన్నట్టా?

పక్కనున్న బతికున్న వైరు ప్రభావం వల్ల డిజిటల్ మీటర్లు ఇలా ఉత్తుత్తి వోల్టేజీ చూపిస్తుంటాయి. కానీ ఉత్తుత్తిదో నిజమైనదో అంకె చూసి చెప్పలేం. మెయిన్ ఆపేసి మళ్లీ కొలవండి. సున్నాకి పడితే ఆ కన్నంలో ఇంకో సర్క్యూట్ వైరు ఉందని అర్థం. పని పూర్తయ్యే వరకు మెయిన్ ఆపే ఉంచండి.

ఇది నేనే చేసుకోవచ్చా, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలా?

ముందు మీ ప్రాంతపు నిబంధన తెలుసుకోండి. కొన్ని దేశాల్లో ఇంటి వైరింగ్‌ని లైసెన్సు ఉన్నవాళ్లే ముట్టుకోవాలి. నిబంధన అడ్డు లేకపోతే, అదే కన్నంలో అదే రకం లైటు మార్చడం జాగ్రత్తపరులు చేసుకోగల పని. కొత్త చోట లైటు పెట్టడం, వైరు పొడిగించడం, తడిసిన వైరింగ్, మాడిన వాసన, పెళుసైన వైర్లు, ఎర్త్ లేని పాత ఇల్లు, ఆస్బెస్టాస్ ఉండే అవకాశమున్న పాత సీలింగ్: వీటిలో ఏది ఉన్నా పిలవండి.

## విప్పడం, బిగించడం

లైటు కిందికి రావట్లేదు. ఎంత బలంగా లాగాలి?

బలం వద్దు. ముందు అంచు చుట్టూ పెయింటు, పుట్టీ అతుక్కుని ఉంటే సన్నటి బ్లేడుతో గీత గీయండి, లేకపోతే సీలింగ్ పెచ్చుతో సహా ఊడొస్తుంది. తర్వాత ఎదురెదురు వైపులా గోళ్లు దూర్చి, కొంచెం కొంచెంగా సమానంగా దించండి. పక్కల రెండు స్ప్రింగ్ క్లిప్పులు ఉంటాయి. లైటు కిందికి వస్తుంటే అవి పైకి ముడుచుకుంటాయి. చివరి క్షణంలో టప్పున మూసుకుని వేలు పట్టేస్తాయి, ఎలకల బోనుకి ఏమాత్రం తీసిపోవు. ఒక్కొక్క క్లిప్పునీ చేత్తో పైకి పట్టుకుని బయటికి తీయండి. కళ్లద్దాలు పెట్టుకోండి, దుమ్ము సరిగ్గా కంట్లోకే రాలుతుంది. నేల తడి లేకుండా తుడిచాకే నిచ్చెన వేయండి.

కన్నంలో రెండు కాదు, ఐదారు వైర్లు ఉన్నాయి. ఏది ఎక్కడ?

ఒక లైటు నుంచి తర్వాతిదానికి కరెంటు వెళ్లే చోట ఇలాగే ఉంటుంది. రెండు ఫేజ్‌లు కలిపి, రెండు న్యూట్రల్‌లు కలిపి, రెండు ఎర్త్‌లు కలిపి ఉంటాయి. ఏదీ విప్పకముందే ఫోటో తీయండి, ప్రతి వైరుకీ టేపు ముక్క చుట్టి గుర్తు రాయండి. విప్పాక గుర్తుంటుందిలే అనుకోకండి. రంగులను గుడ్డిగా నమ్మకండి కూడా. దేశానికో పద్ధతి, కాలానికో పద్ధతి. ఒకచోట గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్. ఇంకోచోట నలుపు ఫేజ్, తెలుపు న్యూట్రల్. మరోచోట ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్. వైరు అయిపోతే చేతికందిన రంగు వాడిన పనివాళ్లూ ఉంటారు.

కొత్త లైటుకి ఎర్త్ వైరు లేదు. పాత ఎర్త్ వైరుని కోసేయనా?

కోయకండి. లైటు మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అది రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న రకం, దానికి ఎర్త్ అక్కర్లేదు. పాత ఎర్త్‌ని విడిగా కనెక్టర్‌లో బిగించి డబ్బాలో ఉంచండి. రేపు లోహపు లైటు పెట్టాలనుకుంటే కావాలి. అది తర్వాతి లైట్లకు వెళ్లే ఎర్త్ అయితే తెగకుండా కలిపి ఉంచాల్సిందే. చదరంలో చదరం గుర్తు లేకుండా, ఎర్త్ స్క్రూ ఉన్న లోహపు లైటుని మాత్రం ఎర్త్ లేకుండా పెట్టకండి.

వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేస్తే ఏమవుతుంది?

కొన్నాళ్లు ఏమీ కాదు. తర్వాత వేడికి జిగురు కరిగి టేపు విప్పుకుంటుంది, తేమకి రాగి పచ్చబడుతుంది, జాయింట్ వదులై వేడెక్కుతుంది. బాత్రూమ్ సీలింగ్ పైన ఇది మామూలు గది కన్నా త్వరగా జరుగుతుంది. స్క్రూ కనెక్టరో, లీవర్ కనెక్టరో వాడండి, దాన్ని మూత ఉన్న చిన్న జంక్షన్ డబ్బాలో పెట్టండి. కనెక్టర్ మీద చెప్పినంత మేరకే తొడుగు తీయండి. బయట రాగి కనిపించకూడదు. బిగించాక ఒక్కో వైరునీ నెమ్మదిగా లాగి చూడండి.

కన్నం కొత్త లైటుకన్నా పెద్దదైంది. సీలింగ్ మార్చాలా?

అక్కర్లేదు. పెద్ద కన్నానికి వెడల్పు రింగులు దొరుకుతాయి, లేదా అంచు వెడల్పుగా ఉన్న లైటు ఎంచుకోండి. క్లిప్పులకి పట్టు మాత్రం దొరకాలి. అంచు కన్నాన్ని కప్పినంత మాత్రాన లైటు నిలబడదు. కన్నం చిన్నదైతే గీత గీసుకుని, పైన వైర్లు లేవని చూసుకుని, చేతి రంపంతో కొద్దికొద్దిగా కోయండి. జిప్సమ్ తడిసి మెత్తబడి వేలితో నొక్కితే దిగిపోతుంటే ఆ ముక్క మార్చాకే లైటు సంగతి.

అంచు చుట్టూ సిలికాన్ పూయాలా?

లైటుతో రబ్బరు వాషర్ వస్తే అదే చాలు, మెలి పడకుండా కూర్చోబెట్టండి. సిలికాన్ పూస్తే తర్వాత మార్చేటప్పుడు సీలింగ్ చిరుగుతుంది.

## బిగించాక

కొత్త లైటు కూడా వెలగట్లేదు. పాడైనది ఇచ్చారా?

అలాంటివీ వస్తాయి, కానీ ముందు అనుమానించాల్సింది జాయింట్‌నే. ఎంసీబీ ఆపి, కరెంటు లేదని పరీక్షించి, కనెక్టర్‌లో తొడుగు మీద స్క్రూ పడిందేమో చూడండి. వైరు లోపలికి వెళ్లి, బిగువుగా ఉండి, రాగికి మాత్రం తగలని జాయింట్లు చాలా ఉంటాయి. తర్వాత డ్రైవర్‌కీ లైటుకీ మధ్య పిన్ను పూర్తిగా దిగిందా చూడండి. ఆ పైన లైటుని వేరే మంచి పాయింట్‌లో పెట్టి చూస్తే తేలిపోతుంది.

తేమ తగ్గడానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎంతసేపు నడపాలి?

స్నానం మొదలైనప్పటి నుంచి, అయ్యాక ఇంకో 15–20 నిమిషాలు. ఫ్యాన్ తిరుగుతోందంటే గాలి లాగుతోందని కాదు. దాని ముందు ఒక టిష్యూ కాగితం పెట్టండి, అతుక్కుంటే లాగుతోంది. తలుపు కింద గాలి వచ్చే సందు లేకపోతే ఎంత పెద్ద ఫ్యానైనా వట్టిగా తిరుగుతుంది.

తీసిన పాత లైటుని చెత్తలో వేయొచ్చా?

ఎల్ఈడీ, డ్రైవర్ రెండూ ఈ-వేస్ట్, విడిగా ఇవ్వండి. పాతది సీఎఫ్ఎల్ డౌన్‌లైట్ అయితే ఆ గొట్టంలో కొద్దిగా పాదరసం ఉంటుంది. పగలకుండా కాగితంలో చుట్టండి. పగిలితే కిటికీ తీసి కాసేపు బయటికి వచ్చేయండి. తర్వాత ముక్కల్ని గట్టి అట్టతో ఎత్తి, పొడిని తడి కాగితంతో తుడిచి, మూతున్న సీసాలో వేయండి. చీపురు గానీ వాక్యూమ్ క్లీనర్ గానీ వాడితే ఆ పొడి గదంతా లేస్తుంది.